ఐబీఎస్: వందలో ఎందరికి? లెక్క తేల్చేది ఎలా?

మదనపల్లె టమోటా మార్కెట్‌లో తెల్లవారుజామునే పని మొదలవుతుంది. అక్కడ క్రేట్లు దించే హమాలీ ఒకాయన్ని ఊహించుకోండి. లారీ ఎక్కేముందు మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందో చూసుకుంటాడు. ఇంట్లో రెండుసార్లు పోయొచ్చాడు, అయినా కడుపు మెలిపెడుతూనే ఉంది. పోయొస్తే నొప్పి తగ్గుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. ఏడాదిగా ఇదే తంతు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. రక్తపరీక్షలూ బాగానే ఉన్నాయి. ‘గ్యాస్ ట్రబుల్’ అనుకుని మందుల షాపులో మాత్ర కొనుక్కుని పనిలోకి దిగుతాడు.

ఈ మనిషి ఏ ఆసుపత్రి రిజిస్టర్‌లోనూ ఐబీఎస్ రోగిగా నమోదు కాడు. మరి ఇలాంటివారు జనంలో ఎందరున్నారో చెప్పేది ఎలా? నర్సింగ్, పారామెడికల్, కమ్యూనిటీ హెల్త్ పరీక్షలకు చదివేవారికి ఈ ప్రశ్న రెండు విధాల ఉపయోగం. ఒకటి, ఐబీఎస్ అనే జబ్బు తెలుస్తుంది. రెండు, ఏ జబ్బు లెక్కనైనా చదివే పద్ధతి తెలుస్తుంది. అందుకే ఈ పాఠంలో జబ్బు గురించి ఎంత చెబుతామో, లెక్క గురించీ అంత చెబుతాం.

ఐబీఎస్ అంటే ఏమిటి?

ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బొవెల్ సిండ్రోమ్. పేగులో పుండు, గడ్డ, వాపు ఏమీ కనిపించవు. పేగు పనిచేసే తీరు మాత్రం దారి తప్పుతుంది. కడుపునొప్పి, దానితో ముడిపడి మలవిసర్జనలో మార్పు, ఈ రెండూ కలిసి ఉంటేనే ఐబీఎస్. నొప్పి లేకుండా మలబద్ధకం మాత్రమే ఉన్నా, ఉబ్బరం మాత్రమే ఉన్నా ఆ పేరు పెట్టకూడదు.

ఇప్పుడు దీన్ని ‘పేగు-మెదడు మధ్య సమన్వయ లోపాల’ కోవలో చేరుస్తున్నారు. పేగు గోడలో కోట్ల సంఖ్యలో నాడీకణాలు ఉంటాయి. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతం దాకా తయారయ్యేది పేగులోనే. పరీక్ష రోజు పొద్దున కడుపు తిప్పడం అందరికీ తెలిసిన అనుభవం. అది ఐబీఎస్ కాదు, మెదడుకూ పేగుకూ మధ్య నడిచే మామూలు మాటామంతీ. ఆ మాటామంతీ నెలల తరబడి గాడి తప్పితే అది జబ్బు.

పరీక్షల్లో తరచూ తడబడే చోటు ఐబీఎస్, ఐబీడీల మధ్య తేడా. ఐబీడీ అంటే ఇన్‌ఫ్లమేటరీ బొవెల్ డిసీజ్. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి అందులోకి వస్తాయి. వాటిలో పేగు వాస్తుంది, పుండ్లు పడతాయి, రక్తం పడవచ్చు. ఐబీఎస్‌లో ఇవేవీ ఉండవు. ఐబీఎస్ క్యాన్సర్‌గా మారదు, ప్రాణం తీయదు. కానీ పనినీ, ప్రయాణాన్నీ, నిద్రనూ, పెళ్లి భోజనాన్నీ మనిషికి దూరం చేయగలదు. ప్రాణాంతకం కాదు కదా అని పక్కన పెట్టేయదగ్గ జబ్బు కాదిది.

కొలబద్ద ఎలా మారుతూ వచ్చింది?

ఐబీఎస్‌ను చూపించే ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు. లక్షణాలను అడిగి తెలుసుకోవడమే దారి. అందుకే ఏయే లక్షణాలు, ఎన్నాళ్లు, ఎంత తరచుగా ఉంటే ఐబీఎస్ అనాలో నిపుణులు నియమాలు రాసుకున్నారు.

- 1978: మానింగ్ ప్రమాణాలు. ఆరు లక్షణాల జాబితా.
- 1999: రోమ్-2 ప్రమాణాలు.
- 2006: రోమ్-3. గత మూడు నెలల్లో నెలకు కనీసం మూడు రోజులు కడుపులో నొప్పి లేదా అసౌకర్యం.
- 2016: రోమ్-4. గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి. ‘అసౌకర్యం’ అనే మాటను తీసేశారు.

రోమ్-4 ప్రకారం ఆ నొప్పికి మూడింటిలో కనీసం రెండు తోడవ్వాలి. (1) మలవిసర్జనతో నొప్పికి సంబంధం ఉండాలి, (2) ఎన్నిసార్లు వెళ్తారన్నది మారాలి, (3) మలం గట్టిదనం మారాలి. లక్షణాలు మొదలై కనీసం ఆరు నెలలు అయి ఉండాలి.

మలం రూపాన్ని చెప్పడానికి వాడేది బ్రిస్టల్ స్టూల్ స్కేల్. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో తయారైన ఈ పట్టీలో ఏడు రకాలుంటాయి. 1, 2 రకాలు గట్టి ఉండలు, 6, 7 రకాలు పలచన. దీన్నిబట్టే ఐబీఎస్‌ను మలబద్ధక రకం, విరేచనాల రకం, రెండూ కలిసిన మిశ్రమ రకం, ఏ గుంపులోనూ ఇమడని రకం అని నాలుగుగా విడదీస్తారు.

ప్రివలెన్స్, ఇన్సిడెన్స్: రెండూ ఒకటి కావు

ప్రివలెన్స్ అంటే వ్యాప్తి. ఒక జనాభాలో ఒక సమయంలో ఆ జబ్బుతో ఉన్నవారి వాటా అది. పాత కేసులూ కొత్త కేసులూ కలిపి లెక్కిస్తారు. ఇన్సిడెన్స్ అంటే ఒక కాలవ్యవధిలో కొత్తగా జబ్బుపడినవారి రేటు.

రెండింటినీ కలిపే సూత్రం: వ్యాప్తి = కొత్త కేసుల రేటు × జబ్బు ఉండే సగటు కాలం.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. ఏడాదికి వెయ్యిమందిలో నలుగురికి కొత్తగా జబ్బు వస్తోందనీ, సగటున పదేళ్లు ఉంటోందనీ అనుకుంటే 4 × 10 = 40. అంటే వెయ్యికి 40, నూటికి 4. ఏటా వచ్చేది కొద్దిమందికే అయినా, తొందరగా తగ్గదు, ప్రాణం తీయదు కాబట్టి జనంలో పోగవుతుంది. ఐబీఎస్ అలాంటి జబ్బే. కొద్ది రోజుల్లో తగ్గే జలుబు దీనికి పూర్తిగా ఎదురు. జలుబు కొత్త కేసులు కుప్పలుగా వస్తాయి, ఏదైనా ఒక రోజున లెక్కిస్తే తక్కువమందే తేలతారు.

ప్రపంచ లెక్కలు

ఈ భాగంలో అంకెలకన్నా అంకెల మధ్య తేడానే ముఖ్యం.

- 2012లో లోవెల్, ఫోర్డ్ అనే పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా జరిగిన సర్వేలను కలిపి లెక్కగట్టారు. మొత్తం 2,60,960 మంది. ఐబీఎస్ వ్యాప్తి 11.2 శాతం. దేశాలవారీగా చూస్తే 1.1 శాతం నుంచి 45 శాతం దాకా ఉంది. ప్రాంతాలవారీగా అతి తక్కువ ఆగ్నేయాసియాలో 7 శాతం, అతి ఎక్కువ దక్షిణ అమెరికాలో 21 శాతం.
- 2020లో ఓకా బృందం ప్రమాణాలను విడదీసి చూసింది. రోమ్-3తో కొలిచిన సర్వేల్లో 9.2 శాతం, రోమ్-4తో కొలిచినవాటిలో 3.8 శాతం.
- 2021లో రోమ్ ఫౌండేషన్ అధ్యయనం వెలువడింది. 33 దేశాలు, 73,076 మంది పెద్దలు, అందరికీ రోమ్-4 ప్రమాణమే. ఇంటర్నెట్‌లో జవాబిచ్చినవారిలో ఐబీఎస్ 4.1 శాతం. ఇంటికి వెళ్లి ముఖాముఖి అడిగిన దేశాల్లో 1.5 శాతం. మన దేశంలో ముఖాముఖి పద్ధతే వాడారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. 11.2 నిజమా, 9.2 నిజమా, 3.8 నిజమా? దేని కొలతకు అది నిజమే. కళ్లంలో వేరుశనగ కాయల కుప్ప ఒక్కటే. చిన్న పడితో కొలిస్తే ఎక్కువ పడులు వస్తాయి, పెద్ద పడితో కొలిస్తే తక్కువ వస్తాయి. కుప్ప పెరగలేదు, తగ్గలేదు. రోమ్-3 నుంచి రోమ్-4కు వచ్చేసరికి ‘అసౌకర్యం’ పోయింది, నెలకు మూడు రోజులు కాస్తా వారానికి ఒక రోజు అయింది. పడి పెద్దదైంది, అంకె తగ్గింది. ‘జబ్బు సగానికి పైగా తగ్గిపోయింది’ అని ఎవరైనా రాస్తే అది తప్పు.

ఇంటర్నెట్‌కూ ముఖాముఖికీ ఉన్న తేడాకు కారణాలు వేరు. ఫోన్ తెర ముందు ఒంటరిగా ఉన్న మనిషి తన మలం గురించి జంకు లేకుండా రాస్తాడు. ఎదురుగా కూర్చున్న కొత్త మనిషికి చెప్పడానికి నోరు రాదు. దీనికితోడు, ఒక్కో పద్ధతి వాడిన దేశాలూ వేరే కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

మన దేశపు లెక్కలు

- ముంబై, 2001: సుమారు 7.5 శాతం.
- ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ టాస్క్‌ఫోర్స్, 2008: దేశంలోని వేర్వేరు కేంద్రాల నుంచి జనంలో 4,500 మందిని ప్రశ్నించారు. 189 మందికి ఐబీఎస్ తేలింది. 189 ÷ 4,500 = 4.2 శాతం. పురుషుల్లో 4.3, స్త్రీలలో 4.0.
- హర్యానా గ్రామీణ ప్రాంతం, 2011: రోమ్-3 ప్రకారం 4,767 మందిలో 4 శాతం. స్త్రీలలో 4.8, పురుషుల్లో 3.2.

మన దేశపు అంకె 4 శాతం చుట్టూ తిరుగుతోందని గుర్తుపెట్టుకుంటే చాలు. లక్షమంది పెద్దలున్న పట్టణానికి ఈ రేటును అన్వయిస్తే నాలుగు వేలమంది. మదనపల్లె లాంటి ఊరిలో ప్రతి వీధిలోనూ, పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం పోయే ప్రతి బస్సులోనూ ఒకరో ఇద్దరో ఉంటారన్నమాట.

స్త్రీ, పురుష తేడా గురించి కూడా ప్రశ్న వస్తుంది. ప్రపంచ సగటులో స్త్రీలకే ఎక్కువ. 2012 విశ్లేషణలో స్త్రీలు 14 శాతం, పురుషులు 8.9 శాతం. మన టాస్క్‌ఫోర్స్ లెక్కలో ఇద్దరూ దాదాపు సమానం. ఆసుపత్రి ఓపీకి వెళ్తే చాలాచోట్ల మగవారే ఎక్కువ కనిపిస్తారు. ఓపీలో మగవారు ఎక్కువ కనిపిస్తే జబ్బు మగవారికే ఎక్కువని కాదు. డబ్బు చేతిలో ఉన్నవారు, ఒంటరిగా బస్సెక్కి రాగలిగేవారు, సెలవు పెట్టగలిగేవారు ఓపీకి వస్తారు. రాలేనివారు ఇంట్లోనే ఉంటారు.

ఈ టాస్క్‌ఫోర్స్ చెప్పిన ఇంకో విషయం ఉంది. మన దేశంలో ఏ ఫిర్యాదూ లేనివారిలో 99 శాతం మంది రోజుకు కనీసం ఒకసారి మలవిసర్జనకు వెళ్తారు. ‘వారానికి మూడుసార్లకన్నా తక్కువైతేనే మలబద్ధకం’ అనే పాశ్చాత్య గీత మనకు అతకదు. రెండు రోజులకోసారి వెళ్తూ, కష్టపడుతూ ఉన్న మనిషి ఆ గీత ప్రకారం ఆరోగ్యవంతుడే. ఆయన దృష్టిలో మాత్రం జబ్బు మనిషే. వేరే జనాభా కోసం గీసిన గీతను మన జనాభాకు యథాతథంగా అంటించకూడదన్నది ఇందులో పాఠం.

ఓపీ లెక్క వేరు, ఊరి లెక్క వేరు: మదనపల్లె నేర్పిన పాఠం

ప్రజారోగ్య పాఠాల్లో ‘మంచుకొండ సూత్రం’ అని చదువుతారు. నీటిపైన కనిపించేది కొండ కొసే, అసలు కొండ నీటి అడుగున ఉంటుంది. మదనపల్లె చుట్టుపక్కల పడమటి మండలాల్లో మంచుకొండను ఎవరూ చూడలేదు, వేరుశనగ చేను మాత్రం అందరూ చూశారు. పైకి కనిపించేది చెట్టు. కాయ మట్టిలో ఉంటుంది. పైన చూసి దిగుబడి చెప్పలేం, చెట్టు పీకి చూడాలి.

ఆ పని ఈ దేశంలో తొలినాళ్లలోనే చేసి చూపించిన ఊళ్లలో మదనపల్లె ఒకటి. క్షయ రోగుల కోసం పట్టణ శివారులో 1915లో వెలసిన యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియమే నేటి ఆరోగ్యవరం మెడికల్ సెంటర్. దేశంలో బీసీజీ టీకాలకు 1948లో తొలి అడుగు పడింది మదనపల్లెలోనే. ఆ తర్వాత 1950 నుంచి 1955 వరకు డాక్టర్ జొహానెస్ ఫ్రిమాట్-మొల్లర్ ఆధ్వర్యంలో మదనపల్లె చుట్టుపక్కల గ్రామీణ జనాభాలో క్షయ ఎంత ఉందో తేల్చే అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి.

శానిటోరియంకు రోగులు నడిచి వస్తున్నారు, మంచాలు నిండుతున్నాయి, రిజిస్టర్ ఉంది. అయినా ఆ వైద్యులు రిజిస్టర్‌తో సరిపెట్టుకోలేదు. ఊళ్లలోకి వెళ్లారు. దగ్గుతున్నవారినీ, దగ్గనివారినీ కూడా లెక్కలోకి తీసుకున్నారు. జనం మొత్తాన్ని హారంగా పెట్టుకుంటేనే ‘ఎంత సాధారణం’ అన్న ప్రశ్నకు జవాబు వస్తుందని వాళ్లకు తెలుసు. క్షయకు ఎక్స్‌రే ఉంది, కఫం పరీక్ష ఉంది. ఐబీఎస్‌కు అవేవీ లేవు, మనిషి నోటిమాటే ఆధారం. హారం పాఠం మాత్రం రెండింటికీ ఒకటే.

హారం అంటే భిన్నంలో కింది అంకె. ‘మా ఆసుపత్రికి వచ్చిన వందమంది కడుపు రోగుల్లో ముప్పైమందికి ఐబీఎస్’ అని ఎవరైనా చెబితే, అది కడుపు రోగుల్లో వాటా. ఊరి జనంలో వాటా కాదు. కుప్పంలో 2001లో ప్రారంభమైన పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి లాంటి పెద్ద ఆసుపత్రికి ఏపీ, తమిళనాడు, కర్ణాటక మూడు వైపుల నుంచీ రోగులు వస్తారు. అలాంటిచోట పై అంకె తెలుస్తుంది, ఏ ఊరి ఎంతమంది జనంలోంచి వచ్చారో తెలియదు కాబట్టి కింది అంకె తేలదు. మంచి వైద్యానికి అది లోపం కాదు. వ్యాప్తి లెక్కకు మాత్రం చాలదు.

ఏ మాటతో అడగాలి?

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో సర్వే చేస్తున్నామనుకోండి. ఆరోగ్య కార్యకర్త వసారాలో కూర్చుంది. కోడలు గడప దగ్గర నిలబడింది. అత్త మంచం మీద వక్కాకు నములుతోంది. పిల్లోడు చుట్టూ తిరుగుతున్నాడు. ‘ఏమ్మా, దొడ్డికి సరిగా అవుతోందా?’ అని అడిగితే కోడలు ఏమంటుంది? ‘ఆఁ, బాగానే ఉందిమ్మా’ అంటుంది. ఫారంలో ‘లేదు’ అన్న గడిలో టిక్కు పడుతుంది. అదే ప్రశ్న పెరట్లో, ఇద్దరే ఉన్నప్పుడు అడిగితే, ‘అక్కా, ఎవురికీ చెప్పొద్దు. నెలల పొద్దుగా కడుపు మెలిపెడతాండాది’ అని మొదలుపెడుతుంది. ఒక్క మనిషి, ఒక్క రోజు, రెండు జవాబులు. లెక్క మారేది ఇలాంటిచోటే.

తర్వాత మాట సంగతి. తెలుగులో ఈ విషయం అడగడం అనుకున్నంత తేలిక కాదు.

- ‘విరేచనం’ కొందరికి మామూలు మలవిసర్జన, కొందరికి పలచగా కావడం. ‘రోజుకు ఒక విరేచనం’ అని రాస్తే ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు.
- ‘మోషన్ రాలేదు’ అంటే మలబద్ధకం. ‘మోషన్స్ అవుతున్నాయి’ అంటే పలచగా అవుతోందని. మాట ఒక్కటే, ఏకవచనం బహువచనం అయ్యేసరికి అర్థం తిరగబడింది.
- ‘గ్యాస్’ అంటే గుండెమంట కావచ్చు, తేన్పులు కావచ్చు, ఉబ్బరం కావచ్చు, వీపులో పట్టేయడం కూడా కావచ్చు.
- ‘నొప్పి లేదు, కడుపు పట్టేస్తుంది’ అనేవారు చాలామంది. పట్టేయడాన్ని నొప్పి గడిలో రాస్తామా, వదిలేస్తామా అన్నదాన్నిబట్టి రోమ్-4 లెక్క మారిపోతుంది.
- రాయలసీమలో పలచటి విరేచనాలను ‘బేదులు’ అంటారు. ఇక్కడ ఆ మాట వాడితే ఎవరూ తికమక పడరు.

కుప్పంలో ఇంకో మెలిక. ఒక ఇంట్లో ‘కడుపునొప్పి’ అంటారు, పక్కింట్లో ‘వయిత్తు వలి’ అంటారు, ఆ పై ఇంట్లో ‘హొట్టె నోవు’ అంటారు. మూడు భాషల్లోనూ ప్రశ్నావళి ఉండాలి. ఒకరు తెలుగులోకి మారిస్తే, మూలాన్ని చూడని మరొకరు తిరిగి మూలభాషలోకి మార్చాలి. రెండూ సరిపోలాయా అని చూసుకోవాలి. సర్వే పద్ధతుల్లో దీన్ని తిరుగు అనువాదం అంటారు. మలం రూపం అడిగేటప్పుడు మాటలకన్నా బ్రిస్టల్ బొమ్మల పట్టీ చూపించడం మేలు. చదువు రానివారు కూడా వేలు పెట్టి చూపిస్తారు.

ఎంతమందిని అడగాలి?

శాంపిల్ సైజు సూత్రం పరీక్షల్లో తప్పకుండా వచ్చేదే: n = 4pq ÷ L².

ఇక్కడ p అంటే ఆశించే వ్యాప్తి శాతం, q అంటే 100 – p, L అంటే మనం ఒప్పుకునే తేడా.

ఐబీఎస్ 4 శాతం ఉంటుందనీ, ఒక శాతం అటూఇటూ అయినా పర్వాలేదనీ అనుకుందాం. p = 4, q = 96, L = 1.

4 × 4 × 96 ÷ 1 = 1,536 మంది.

ఊళ్లను గుంపులుగా ఎంచుకుంటే (క్లస్టర్ పద్ధతి) ఒకే ఊరివారు ఒకేలా ఉండే అవకాశం ఉంది కాబట్టి సాధారణంగా రెట్టింపు చేస్తారు. అప్పుడు 3,072. పదిమందిలో ఒకరు జవాబివ్వరనుకుంటే 3,072 ÷ 0.9 = సుమారు 3,413. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటికీ కలిపి ఒకే అంకె కావాలంటే ఇది సరిపోతుంది. మూడు ఊళ్లకూ విడివిడి అంకెలు కావాలంటే మూడు చోట్లా ఇంతమందిని అడగాలి. విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ఈ చివరి మాట దగ్గరే.

టాస్క్‌ఫోర్స్ 4.2 శాతానికి 95 శాతం విశ్వాస అవధి కట్టి చూడండి. 4,500 మంది కాబట్టి తేడా సుమారు 0.6. అంటే 3.6 నుంచి 4.8 మధ్య. వంద మందిని అడిగి నలుగురికి ఉందని తేలినా 4 శాతమే, కానీ ఆ అవధి చాలా వెడల్పు. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో ఈ అవధే చెబుతుంది.

ఎందుకు వస్తుంది?

ఒకే కారణం లేదు. పేగు కదలికల్లో తేడా, పేగు నాడులు మామూలుకన్నా ఎక్కువగా స్పందించడం, పేగులోని సూక్ష్మజీవుల మార్పు, మానసిక ఒత్తిడి, కొన్ని ఆహారాలు పడకపోవడం, ఇవన్నీ పాలుపంచుకుంటాయి.

మన ఊళ్లకు దగ్గరగా వచ్చే కారణం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అదే కలుషిత నీరు, ఆ తర్వాత వచ్చే వాంతులు, విరేచనాలు. వాటి తర్వాత మొదలయ్యే ఐబీఎస్‌ను ‘పోస్ట్ ఇన్‌ఫెక్షియస్ ఐబీఎస్’ అంటారు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై దాదాపు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండు, మూడేళ్ల తర్వాత చూస్తే అప్పుడు జబ్బుపడనివారిలో పది శాతానికి ఐబీఎస్ ఉండగా, జబ్బు వచ్చిందని వైద్యపరంగా అనుమానించినవారిలో 36 శాతానికి ఉంది. 2017 నాటి మరో విశ్లేషణ ప్రకారం పేగు ఇన్‌ఫెక్షన్ వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరికి ఐబీఎస్ మిగులుతోంది. కుళాయి నీరు శుభ్రంగా ఉంచడం కలరాను మాత్రమే కాదు, ఏళ్ల తరబడి వెంటాడే ఈ బాధను కూడా ఆపుతుంది.

ఏవి ఐబీఎస్ కావు? ప్రమాద సూచనలు

కింది వాటిలో ఒక్కటి కనిపించినా ‘ఐబీఎస్సేలే’ అని సరిపెట్టకూడదు. వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి.

- మలంలో రక్తం
- కారణం లేకుండా బరువు తగ్గడం
- రక్తహీనత
- జ్వరం, ముఖ్యంగా సాయంత్రంపూట
- నిద్రలోంచి లేపే విరేచనాలు
- 50 ఏళ్ల తర్వాత మొదటిసారి లక్షణాలు
- ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్, ఐబీడీ, సీలియాక్ వ్యాధి ఉన్న చరిత్ర

సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కడుపునొప్పి కలిసి ఉంటే మన దేశంలో పేగు క్షయ గుర్తుకు రావాలి. జియార్డియా లాంటి పరాన్నజీవులు, థైరాయిడ్ లోపాలు కూడా ఐబీఎస్ ముసుగులో కనిపిస్తాయి.

చికిత్స క్లుప్తంగా

మొదటి మందు వివరణ. ‘మీ బాధ నిజమైనదే. ఇది క్యాన్సర్ కాదు. అదుపులోకి వస్తుంది’ అని కూర్చోబెట్టి చెప్పడమే చికిత్సలో తొలి మెట్టు. ‘ఏమీ లేదు, నీ మనసులోనే ఉంది’ అనడం తప్పు.

ఇసబ్‌గోల్ లాంటి కరిగే పీచు మేలు చేస్తుంది. గోధుమ తవుడు లాంటి గరుకు పీచు కొందరిలో బాధ పెంచుతుంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం అభివృద్ధి చేసిన ‘ఫాడ్‌మ్యాప్’ పద్ధతిలో పేగులో పులిసి గ్యాస్ చేసే పదార్థాలను కొన్ని వారాలు ఆపి, ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, శనగలు ఆ జాబితాలో ఉంటాయి. దీన్ని ఆహార నిపుణుల సలహాతోనే చేయాలి. పెద్దయ్యాక పాలు అరగని వారు దక్షిణాదిలో ఎక్కువ. పుంగనూరు ఆవు పాలు ఎంత చిక్కనివైనా, వాటిలోనూ లాక్టోజ్ ఉంటుంది. ముద్ద, ఊరిబిండి, పులగూర లాంటి ఇంటి తిండినంతా భయపడి మానేయాల్సిన పని లేదు. ఏది పడటం లేదో రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకుంటే తెలుస్తుంది. రకాన్నిబట్టి కడుపు పట్టేయడం తగ్గించే మందులు, విరేచనాలకు లోపెరమైడ్, కొందరికి తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ డాక్టర్లు రాస్తారు. ఇవేవీ సొంతంగా వాడకూడదు.

గుర్తుంచుకోండి

- ఐబీఎస్‌కు తప్పనిసరి లక్షణం: కడుపునొప్పి
- రోమ్-4 ఏడాది: 2016
- బ్రిస్టల్ పట్టీలో రకాలు: 7
- మన దేశపు టాస్క్‌ఫోర్స్ అంకె: 4.2 శాతం
- రోమ్-3 నుంచి రోమ్-4కు: 9.2 నుంచి 3.8 శాతం
- ఐబీఎస్ అవగాహన మాసం: ఏప్రిల్

మాదిరి ప్రశ్నలు

1. ఐబీఎస్‌ను నిర్ధారించేందుకు రోమ్-4 ప్రకారం గత మూడు నెలల్లో నొప్పి సగటున ఎంత తరచుగా ఉండాలి?
ఎ) నెలకు ఒక రోజు బి) నెలకు మూడు రోజులు సి) వారానికి కనీసం ఒక రోజు డి) ప్రతిరోజూ

2. కొత్త కేసుల రేటు మారకుండా, జబ్బు ఉండే కాలం పెరిగితే వ్యాప్తి?
ఎ) పెరుగుతుంది బి) తగ్గుతుంది సి) మారదు డి) సున్నా అవుతుంది

3. కింది వాటిలో ఐబీఎస్‌లో కనిపించనిది?
ఎ) ఉబ్బరం బి) మలంలో రక్తం సి) మలబద్ధకం డి) పలచటి విరేచనాలు

4. ఆసుపత్రి రిజిస్టర్ ఆధారంగా ఊరి వ్యాప్తిని చెప్పలేకపోవడానికి ముఖ్య కారణం?
ఎ) రిజిస్టర్ పాతబడటం బి) హారం తెలియకపోవడం సి) మందుల ధర డి) డాక్టర్ల కొరత

5. p = 4, L = 2 అయితే n = 4pq ÷ L² ప్రకారం శాంపిల్ సైజు?
ఎ) 96 బి) 384 సి) 768 డి) 1,536

6. మదనపల్లె ప్రాంతంలో 1950–55 మధ్య జరిగిన జనాభా అధ్యయనం ఏ జబ్బు గురించి?
ఎ) మలేరియా బి) కుష్ఠు సి) క్షయ డి) కలరా

జవాబులు: 1-సి, 2-ఎ, 3-బి, 4-బి, 5-బి, 6-సి.

వ్యాసరూప ప్రశ్న: ‘ఒకే జబ్బుకు వేర్వేరు సర్వేల్లో వేర్వేరు వ్యాప్తి రేట్లు రావడానికి కారణాలు వివరించండి.’ జవాబులో నాలుగు అంశాలు తప్పక ఉండాలి: వాడిన ప్రమాణం, అడిగిన పద్ధతి, అడిగిన భాష, ఎంచుకున్న జనం.

చివరిగా మీకు ఒక మాట

పరీక్షలో 4.2 అని రాస్తే మార్కు వస్తుంది. ఉద్యోగంలో చేరాక ఆ అంకె మీ ముందు మనిషై కూర్చుంటుంది. అప్పుడు కోడలిని అత్త ముందు అడగకండి, పెరట్లో అడగండి. హమాలీ ‘గ్యాస్’ అంటే ఆ మాట దగ్గరే ఆగకండి, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, పోయొస్తే తగ్గుతుందా అని అడగండి. రక్తం, జ్వరం, బరువు తగ్గడం గురించి తప్పక అడగండి. విన్నది విన్నట్టు రాయండి. డెబ్బై ఏళ్ల కిందట మదనపల్లె పల్లెల్లో క్షయ లెక్క తేలింది ఇంటింటికీ తిరిగి, ఓపికగా అడిగినవాళ్ల వల్లే. కడుపునొప్పి లెక్క తేలాల్సింది కూడా ఆ దారిలోనే.